కంకర దారి ఎవరిది? సూరత్ సైకిళ్లు, డాంగ్ కొండలు

సూరత్‌లో మరమగ్గాలు రాత్రంతా ఆడుతూనే ఉంటాయి. తెల్లవారుజామున రాత్రి షిఫ్టు ముగించుకొని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లోని ఇళ్లకు సైకిళ్లపై మళ్లే కార్మికులు ఆ నగరంలో నిత్యం కనిపిస్తారు. చలికాలపు సెలవు రోజుల్లో దాదాపు అదే వేళకు మరో రకం సైకిళ్లు కూడా రోడ్డెక్కుతాయి. తలకు హెల్మెట్, ముందూ వెనుకా దీపాలు, చట్రానికి బిగించిన చిన్న సంచుల్లో ట్యూబులు, పనిముట్లు, తినుబండారాలు. వీరి ప్రయాణం తూర్పు దిక్కుకు. బార్డోలీ చెరకు తోటలు దాటి, వ్యారా మీదుగా సహ్యాద్రి పాదాల్లోని అడవులను అందుకోవాలన్నది వీరి సంకల్పం.

దూరప్రయాణ సైక్లింగ్ భారతదేశానికి కొత్త కాదు. అయితే ఇప్పుడది తారు రోడ్డు దిగి మట్టి బాట, కంకర బాట పడుతోంది. ప్రపంచవ్యాప్తంగా ‘గ్రావెల్ సైక్లింగ్’గా పేరు పొందిన ఈ క్రీడకు కావలసినవన్నీ సూరత్ చేరువలోనే ఉన్నాయి: కొండలు, టేకు వనాలు, వెదురు పొదలు, వాహనాల రద్దీ లేని అటవీ మార్గాలు. వందల కిలోమీటర్ల పోటీలకు, సామూహిక యాత్రలకు ఈ ప్రాంతం సహజంగానే అనువైనది. కానీ ఆ యాత్రలకు రంగం సిద్ధం కాకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. తారు పడని దారి సైక్లిస్టుకు వేడుక. ఆ దారి చివర ఉన్న గూడేనికి అదే వెలితి. ఈ రెండింటినీ ఏ నియమంతో పొసగిస్తారన్న దానిపైనే ఈ క్రీడ భవిష్యత్తు ఆధారపడి ఉంది.

తారు దిగిన క్రీడ

గ్రావెల్ సైకిలు చూడటానికి రేసు సైకిలులాగే ఉంటుంది. హ్యాండిల్ కిందికి వంపు తిరిగి ఉంటుంది. తేడా అంతా చక్రాల్లో, బ్రేకుల్లో, గేర్లలో ఉంది. రోడ్డు రేసు సైకిలు టైరు వెడల్పు సాధారణంగా 25 నుంచి 30 మిల్లీమీటర్లుంటే, గ్రావెల్ టైరు 38 నుంచి 45 మిల్లీమీటర్లు, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది. అందులో గాలి తక్కువ ఒత్తిడిలో నింపుతారు. అందువల్ల టైరు రాళ్లపై ఎగిరిపడకుండా నేలను పట్టుకొని సాగుతుంది. చాలామంది ట్యూబు లేని టైర్లలో జిగురు ద్రవం పోస్తారు. చిన్న ముల్లు దిగితే ఆ ద్రవమే రంధ్రాన్ని పూడుస్తుంది. నిట్టనిలువు చడావు ఎక్కడానికి తేలికైన గేర్లు, బురదలోనూ పనిచేసే డిస్క్ బ్రేకులు ఉంటాయి.

ఈ క్రీడకు పేరు తెచ్చినది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం. అక్కడి ఎంపోరియా అనే చిన్న పట్టణం నుంచి ఫ్లింట్ హిల్స్ గడ్డి కొండల మీదుగా 200 మైళ్లు, అంటే సుమారు 320 కిలోమీటర్లు సాగే పోటీ 2006లో 34 మందితో మొదలైంది. నేడు వేలమంది పాల్గొంటున్నారు. 2018లో ఒక పెద్ద సంస్థ దానిని కొనుగోలు చేసింది. తొలి పేరులోని ‘కాంజా’ అనే మాట ఆ నేల మూలవాసులైన కా తెగను సూచిస్తుంది. దానికి ముందు చేర్చిన విశేషణం ఆ తెగకు అవమానకరమన్న విమర్శ బలపడటంతో 2020లో పోటీ పేరును ‘అన్‌బౌండ్ గ్రావెల్’గా మార్చారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలోని వెనెటో ప్రాంతంలో తొలి గ్రావెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ నిర్వహించింది. స్నేహితుల సరదాగా మొదలైనది పదహారేళ్లలో ప్రపంచ పతకాల క్రీడ అయింది. ఆ వేగం చూస్తే, నేల ఎవరిది, పేరు ఎవరిది, లాభం ఎవరిది అన్న ప్రశ్నలను ముందుగా అడగడం ఎందుకు అవసరమో అర్థమవుతుంది.

సూరత్ నుంచి కొండల దాకా

సూరత్ సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో తాపీ నది ఒడ్డున ఉంది. అక్కడి నుంచి వ్యారా సుమారు 65 కిలోమీటర్లు. ఆ తరువాత నేల అలలు అలలుగా లేస్తుంది. తాపీ, డాంగ్ జిల్లాల అడవులు అక్కడి నుంచి మొదలవుతాయి. డాంగ్ జిల్లా కేంద్రం ఆహ్వా, పూర్ణా నది ఒడ్డున మహాల్, అంబికా నది పక్కన వాఘై, మహారాష్ట్ర సరిహద్దులో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సాపుతారా ఈ మార్గంలోని ముఖ్య స్థలాలు. సుమారు 1,765 చదరపు కిలోమీటర్ల డాంగ్ జిల్లాలో నాలుగింట మూడు వంతుల మేర అడవే. 2011 జనగణన ప్రకారం జిల్లా జనాభా 2,28,291. వారిలో నూటికి తొంభై మందికి పైగా ఆదివాసులు: భీలులు, కుంకణాలు, వార్లీలు, వెదురు పనిలో నేర్పరులైన కొత్వాలియాలు.

దూరప్రయాణ సైక్లిస్టులకు ఫ్రాన్స్‌లో పుట్టిన ‘బ్రెవెట్’ పద్ధతి సుపరిచితం. ఇది పందెం కాదు. నిర్ణీత సమయంలో దూరాన్ని పూర్తి చేయడమే గెలుపు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. దారిలో ఎవరి మరమ్మతు వారిదే, ఎవరి తిండి వారిదే. నాలుగేళ్లకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్రకు అర్హత ఈ మెట్లన్నీ ఎక్కితేనే దక్కుతుంది.

అయితే తారు రోడ్డు లెక్క అడవి బాటకు సరిపోదు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలంటే విశ్రాంతితో కలిపి గంటకు సగటున 15 కిలోమీటర్లు. కంకర చడావులో సాధారణ రైడరు వేగం పది కిలోమీటర్లకు, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. డిసెంబరులో ఈ ప్రాంతంలో పగటి సమయం 11 గంటలకు కాస్త తక్కువ. అంటే కొండ బాటలో వెలుతురు ఉండగా సగటు మనిషి దాటగలిగేది 100 నుంచి 110 కిలోమీటర్లే. అంతకు మించిన దూరాన్ని ఒకే రోజులో పెడితే రైడర్లు చీకట్లో అడవిలో ఉంటారు. దూరాన్ని ఎంతగా పెంచామన్నది నిర్వాహకుల ప్రతిష్ఠకు సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. నిజానికి అది అడవికి, అందులోని చిరుతలకు, రైడరు ప్రాణానికి సంబంధించిన విషయం.

కాలం కూడా కలిసి రావాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు డాంగ్‌లో కుండపోత వానలు కురుస్తాయి. తడి మట్టిపై వందల చక్రాలు ఒకే గాడిలో నడిస్తే ఆ గాడి నీటి కాలువగా మారి బాట కోసుకుపోతుంది. మార్చి దాటితే టేకు ఆకు రాలి నీడ ఉండదు. అడవి మంటల భయం మొదలవుతుంది. అదే రోజుల్లో ఇప్పపూల సేకరణకు ఆదివాసీ కుటుంబాలు వేకువనే అడవిలోకి వెళతాయి. కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే ఈ యాత్రలకు తగిన సమయం.

ఒకరికి వేడుక, మరొకరికి వెలితి

గ్రావెల్ సైక్లింగ్ సొగసంతా రోడ్డు అసంపూర్ణతలో ఉంది. తారు వేస్తే ఆట పోతుంది. ఇక్కడే ఈ క్రీడలోని ఇబ్బందికరమైన వైరుధ్యం బయటపడుతుంది. గర్భిణిని, పాము కాటుకు గురైన రైతును, జ్వరంతో ఉన్న బిడ్డను ఆసుపత్రికి చేర్చవలసిన కుటుంబానికి అదే కంకర చడావు ప్రాణాంతకమైన ఆలస్యం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ 2007లో గుజరాత్‌కు విస్తరించింది. కానీ ఎంత మంచి అంబులెన్స్ అయినా రోడ్డు ఉన్నంత వరకే వెళ్లగలదు.

తెలుగు పాఠకులకు ఈ బాధ కొత్త కాదు. పాడేరు, అరకు కొండల్లో రోగులను కర్రకు కట్టిన డోలీలో మోసుకొచ్చే దృశ్యాలు ఏళ్ల తరబడి వార్తలవుతూనే ఉన్నాయి. ఈ డోలీ మోతలకు ముగింపు పలకాలన్న లక్ష్యంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో ‘అడవితల్లి బాట’ పేరిట సుమారు వెయ్యి కోట్ల రూపాయలతో గిరిజన ఆవాసాలకు రోడ్ల నిర్మాణానికి శ్రీకారం చుట్టింది. దేశ స్థాయిలో 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశకు కేంద్రం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. 70,125 కోట్ల రూపాయల వ్యయంతో 62,500 కిలోమీటర్ల రోడ్లు వేసి, 25,000 ఆవాసాలను కలపాలన్నది దాని లక్ష్యం. మైదానాల్లో 500 జనాభా ఉంటేనే రోడ్డు వచ్చే నిబంధనను గిరిజన ప్రాంతాల్లో 250కి సడలించారు.

అంటే రాబోయే సంవత్సరాల్లో కంకర బాటలు తగ్గుతాయి, తగ్గాలి కూడా. ‘ఈ దారి ఇలాగే ఉంటే అందంగా ఉంటుంది’ అని అప్పుడప్పుడు వచ్చిపోయే అతిథి అనవచ్చు. రోజూ నడిచే మనిషి తరఫున అలా అనే హక్కు అతిథికి లేదు. పర్యాటకం పేరుతో ఏ గూడేనికైనా రోడ్డు వాయిదా పడితే ఆ క్రీడ నైతికంగా ఓడినట్టే.

అలాగని తారు పడిన రోజున ఈ ఆట అంతరించిపోనక్కర లేదు. ఊళ్లను కలిపే రోడ్డు వేరు, అటవీ సిబ్బంది గస్తీ బాట వేరు, కాలువ గట్టు వేరు. గస్తీ బాటలకు తారు వేయడం అడవికి మేలు కాదు. వాహనాల వేగం పెరిగితే జంతువులకు ముప్పు. కాలువ గట్లపై తారు అవసరం ఉండదు. గ్రావెల్ యాత్రల మార్గాలను ఇలాంటి చోట్ల, అనుమతి లభించిన మేరకు గుర్తిస్తే ఊరి అవసరానికీ రైడరు ఆనందానికీ పోటీ ఉండదు.

అడవికి చట్టం ఉంది, ఊరికి మాట ఉంది

డాంగ్ అడవులు పైకి ఖాళీగా కనిపించవచ్చు. చట్టం దృష్టిలో అక్కడ ప్రతి అడుగుకూ ఒక ప్రతిపత్తి ఉంది. మహాల్ పరిసరాలు సుమారు 160 చదరపు కిలోమీటర్ల పూర్ణా వన్యప్రాణి అభయారణ్యంలోనివి. పక్కనే నవసారీ జిల్లాలో 1979లో ప్రకటించిన వాంస్‌దా జాతీయ ఉద్యానం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అనుమతి తప్పనిసరి. పర్యాటకానికి అనుమతి ఇచ్చే వీలున్నా, దానికి షరతులు విధించే అధికారం అటవీ శాఖకు ఉంటుంది.

డాంగ్ జిల్లా రాజ్యాంగం ఐదో షెడ్యూలు పరిధిలోనిది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇక్కడ గ్రామసభలకు తమ వనరులపై, సంప్రదాయాలపై మాట చెల్లించుకునే అధికారం ఇచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2017లో పెసా నియమావళిని ప్రకటించింది. ఒక సైకిలు యాత్రకు ప్రతి గ్రామసభ లిఖితపూర్వక సమ్మతి చట్టరీత్యా అవసరమా కాదా అన్నది న్యాయవాదులు చర్చించవలసిన విషయం. కానీ సమ్మతి అడగడం మర్యాద. ఇక్కడి చరిత్ర తెలిసిన వారికి అది కనీస వివేకం కూడా.

ఎందుకంటే బయటివారి రాక ఈ కొండలకు ఎన్నడూ మామూలు విషయం కాలేదు. 1840లలో బ్రిటిష్ పాలకులు ఓడలకు, కట్టడాలకు టేకు కోసం భీల్ నాయకులతో కౌలు ఒప్పందాలు చేసుకున్నారు. ఆ ఒప్పందాల నుంచి సంక్రమించిన రాజభరణాన్ని ఇప్పటికీ ఏటా హోలీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో ఐదుగురు రాజవంశీయులకు ప్రభుత్వం అందజేస్తుంది. అడవి మాత్రం చేతులు మారింది. మన కాలంలో పార్-తాపీ-నర్మదా నదుల అనుసంధాన పథకం కింద ఆనకట్టలు వస్తే ఊళ్లు మునుగుతాయన్న భయంతో డాంగ్, వల్సాడ్, తాపీ జిల్లాల ఆదివాసులు పెద్ద ఎత్తున ఉద్యమించారు. 2022 మేలో ఆ పథకాన్ని విరమిస్తున్నట్టు గుజరాత్ ముఖ్యమంత్రి భూపేంద్ర పటేల్ ప్రకటించారు. అడగకుండా వచ్చిన దేనినైనా అనుమానంగా చూసే హక్కు ఈ ప్రజలకు అనుభవమే ఇచ్చింది. ఆనకట్టతో సైకిలును పోల్చలేము. అయినా, చెప్పకుండా ఊరి మధ్య నుంచి మూడు వందల మంది దూసుకుపోతే ఆ అనుమానానికి మరో కారణం దొరుకుతుంది.

కొండ బిడ్డలు ప్రేక్షకులేనా?

డాంగ్‌ను కేవలం దృశ్యంగా చూసేవారు మరచిపోయే సంగతి ఒకటుంది. ఈ చిన్న జిల్లా దేశానికి అగ్రశ్రేణి క్రీడాకారులను ఇచ్చింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మహిళల 4×400 మీటర్ల రిలేలో స్వర్ణం గెలిచిన భారత జట్టు సభ్యురాలు సరితా గాయక్‌వాడ్ డాంగ్ బిడ్డ. 2019 ఆసియా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో 10,000 మీటర్ల పరుగులో కాంస్యం సాధించిన మురళీ గావిత్‌దీ ఈ జిల్లాయే. కొండలెక్కే ఊపిరి, దూరం నడిచే ఓర్పు ఇక్కడి పిల్లలకు దైనందిన జీవితమే నేర్పుతుంది. వారి వద్ద లేనిది సైకిలు, శిక్షణ, అవకాశం.

ఈ విషయంలో కెన్యా అనుభవం గమనించదగినది. మసాయ్ మారా ప్రాంతంలో 2021లో ‘మైగ్రేషన్ గ్రావెల్ రేస్’ మొదలైంది. దాన్ని నడిపే టీమ్ అమానీ బృందం ఉద్దేశం విదేశీ రైడర్లకు వన్యమృగాల నడుమ విహారం కల్పించడం మాత్రమే కాదు. వీసాలు, ప్రయాణ ఖర్చుల వల్ల యూరప్ పోటీలకు చేరలేని తూర్పు ఆఫ్రికా సైక్లిస్టులకు, తమ నేలపైనే ప్రపంచ స్థాయి రైడర్లతో తలపడే వేదిక ఏర్పాటు చేయడం. పోటీ అక్కడి వారిని ప్రేక్షకులుగా కాక పోటీదారులుగా నిలబెట్టింది.

సూరత్ చేరువలో జరిగే ఏ యాత్రకైనా ఇదే గీటురాయి కావాలి. ప్రవేశ రుసుములో ఒక వంతుతో ఆహ్వా, వ్యారా పాఠశాలల పిల్లలకు సైకిళ్లు, శిక్షణ ఇవ్వవచ్చు. ప్రతి యాత్రలో స్థానిక యువతకు రుసుము లేకుండా కొన్ని స్థానాలు కేటాయించవచ్చు. దారి చూపేవారు, పంక్చరు వేసేవారు, ప్రథమ చికిత్స తెలిసినవారు ఆ ఊళ్ల వారే అయితే డబ్బు ఊళ్లోనే నిలుస్తుంది. తిండి సంగతీ అంతే. డాంగ్‌ను 2021 నవంబరులో పూర్తి ప్రకృతి సేద్యపు జిల్లాగా ప్రకటించారు. అక్కడ నాగలీ అని పిలిచే రాగులతో చేసిన రొట్టె, మినప పప్పు ఆ ఇళ్ల నిత్యాహారం. దూరం తొక్కే శరీరానికి అవి మంచి బలమే. రసాయనాలు లేని సేద్యానికి పేరుపడిన నేలపై శక్తినిచ్చే జెల్ ప్యాకెట్ల తొక్కులు రాల్చిపోవడం కంటే, ఆ ఇంటి రొట్టెకు న్యాయమైన ధర చెల్లించి తినడం ఎంతో మేలు.

నగరంలోని మరో సైకిలు

అడవి నుంచి మళ్లీ నగరానికి వస్తే, సూరత్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల, నల్గొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా పద్మశాలి కుటుంబాలు ఇక్కడి మగ్గాలను నమ్ముకొని వలస వచ్చాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపేంతగా వారి ఉనికి ఇక్కడ వేళ్లూనుకుంది. సూరత్, భివండీలకు వెళ్లిన నేతన్నలు తిరిగి రావాలన్న ఆశయంతో తెలంగాణ ప్రభుత్వం 2017లో వరంగల్ సమీపాన కాకతీయ మెగా జౌళి పార్కుకు పునాది వేసింది.

ఈ కార్మికుల్లో చాలామందికి సైకిలు వ్యాయామం కాదు, ఆటో చార్జీ మిగిల్చే బతుకు సాధనం. పన్నెండు గంటల షిఫ్టు తరువాత లారీల మధ్య నుంచి దీపం లేని సైకిలుపై ఇల్లు చేరడం వారు రోజూ చేసే సాహసం. దానికి పతకం ఉండదు. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన ‘సైకిల్స్ ఫర్ ఛేంజ్’ సవాలులో విజేతలుగా ఎంపికైన 11 నగరాల్లో సూరత్‌తో పాటు వరంగల్ కూడా ఉండటం విశేషం. కార్మికుడు బయలుదేరిన ఊరు, చేరిన ఊరు రెండూ సైకిలుకు చోటిస్తామని మాట ఇచ్చాయన్నమాట. ఆ మాట ఎంతవరకు నిలిచిందో చెప్పవలసినది షిఫ్టు దిగి వచ్చే వేళ ఆ సైకిలుకు దారి దొరికిందా లేదా అన్నదే.

సైకిలుపై ప్రభుత్వాల ఆసక్తి ఇటీవల పెరిగింది. 2024 డిసెంబరులో కేంద్ర క్రీడల మంత్రి మన్‌సుఖ్ మాండవీయ ప్రారంభించిన సైక్లింగ్ కార్యక్రమం ‘సండేస్ ఆన్ సైకిల్’గా దేశమంతటా విస్తరించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై వస్తుసేవల పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 2026 జనవరిలో పుణే పరిసరాల్లో అంతర్జాతీయ సమాఖ్య గుర్తింపుతో బహుళ దశల రోడ్డు రేసు జరిగింది. ఈ ఉత్సాహం మంచిదే. అయితే లక్షల విలువైన సైకిలుకూ, కార్మికుడి సాదా సైకిలుకూ పన్ను తగ్గింపు ఒకేలా వర్తించినా, రోడ్డుపై రక్షణ మాత్రం ఒకేలా అందడం లేదు. సూరత్ సైక్లింగ్ సంఘాలు అడవి దారికి అనుమతి అడిగే గొంతుతోనే నగరంలో కార్మికుల సైకిలు దారిని కూడా అడిగితే, ఆ కోర్కెకు బలం వస్తుంది. ఈ క్రీడ సంపన్నుల వినోదమన్న విమర్శకు అంతకంటే గట్టి సమాధానం మరొకటి లేదు.

ప్రాణం ముందు, పతకం తరువాత

దూరప్రయాణ సైక్లింగ్‌లో ప్రమాదం ఊహ కాదు. యూరప్ ఖండాన్ని దాటే ట్రాన్స్‌కాంటినెంటల్ రేసును స్థాపించిన బ్రిటన్ రైడరు మైక్ హాల్ 2017లో ఆస్ట్రేలియాలో ఖండాంతర పోటీలో ఉండగా తెల్లవారుజామున కారు ఢీకొని మరణించారు. కెన్యా సైక్లింగ్‌కు ఆశాకిరణమైన సులేమాన్ కంగంగి 2022 ఆగస్టులో అమెరికాలోని వెర్మాంట్‌లో గ్రావెల్ పోటీలో పడిపోయి ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరూ అనుభవజ్ఞులే. ఒకచోట మోటారు వాహనం, మరోచోట రాళ్ల బాట. నైపుణ్యం ఒక్కటే ప్రాణానికి పూచీ కాదు.

డాంగ్ వంటి చోట అదనపు చిక్కులున్నాయి. లోయల్లో మొబైలు సిగ్నలు అందదు. పెద్ద ఆసుపత్రులు సూరత్‌లోనో, వల్సాడ్‌లోనో, నాసిక్‌లోనో ఉన్నాయి. కొండ దిగే వేగంలో వదులు కంకరపై ముందు బ్రేకు గట్టిగా పట్టితే చక్రం జారుతుంది. చలికాలమైనా మధ్యాహ్నపు ఎండ తక్కువది కాదు. ఉప్పు లేకుండా నీరే అతిగా తాగినా ప్రమాదమే, శరీరంలో సోడియం పడిపోయి స్పృహ తప్పే స్థితి రావచ్చు. వీటికి జవాబులు ఖరీదైనవి కావు. రైడర్ల సంఖ్యకు పరిమితి, ఒంటరిగా కాక ఇద్దరిద్దరుగా సాగే నియమం, ప్రతి 25, 30 కిలోమీటర్లకు హాజరు నమోదు, చివరి రైడరు వెనుక వచ్చే వాహనం, ముందుగా సమాచారం అందుకున్న ఆరోగ్య కేంద్రం, చీకటి పడకముందే అభయారణ్యం దాటాలన్న కచ్చితమైన గడువు. గడువు దాటినవారిని వాహనంలో ఎక్కించడం అవమానం కాదని ముందే చెప్పాలి.

రాత్రి నిషేధం తెలుగు నేలకు తెలిసిన పద్ధతే. నల్లమలలో శ్రీశైలం వెళ్లే అడవి దారిలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను ఆపుతారు. దేవుడి దర్శనానికి వెళ్లే భక్తుడే అడవి కోసం గేటు వద్ద ఆగుతున్నప్పుడు, వేడుకకు వెళ్లే సైకిలు ఆగడంలో తప్పేమీ లేదు.

తెలుగు కొండలకూ ఇదే ప్రశ్న

సూరత్ కథ సూరత్‌తో ముగిసేది కాదు. హైదరాబాద్‌లో బాహ్య వలయ రహదారి పక్కన సౌర ఫలకల నీడన 23 కిలోమీటర్ల సైకిలు మార్గం 2023 అక్టోబరులో ప్రారంభమైంది. దూరప్రయాణ సైక్లిస్టుల సంఖ్య హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లోనూ పెరుగుతోంది. వారి చూపు సహజంగానే అరకు, మారేడుమిల్లి, నల్లమల, కవ్వాల్ అడవుల వైపు మళ్లుతుంది. అక్కడా ఐదో షెడ్యూలు ప్రాంతాలున్నాయి, పులుల అభయారణ్యాలున్నాయి, చెంచులు, కోయలు, గోండులు, కొండదొరలు ఉన్నారు, రోడ్డు కోసం ఎదురుచూసే గూడేలున్నాయి.

కాబట్టి రెండు రాష్ట్రాల అటవీ, పర్యాటక, గిరిజన సంక్షేమ శాఖలు పోటీలు మొదలయ్యాక నిబంధనలు వెతుక్కోవడం కంటే ఇప్పుడే ఒక మార్గసూచి రూపొందించుకోవడం మంచిది. ఏ బాటలు తెరవాలి, ఏవి తెరవకూడదు, ఎందరిని, ఏ నెలల్లో, ఏ గంటల్లో అనుమతించాలి, గ్రామసభతో ఎప్పుడు మాట్లాడాలి, రుసుములో ఊరి వాటా ఎంత అన్న ఐదారు ప్రశ్నలకు స్పష్టమైన జవాబులుంటే చాలు. నిషేధం సులువే. కానీ అడవిని గాజు తెర వెనుక నుంచి చూసే నగరవాసికి అడవిపై బాధ్యత పుట్టదు. తన కాళ్ల సత్తువతో కొండ ఎక్కినవాడికి ఆ కొండ విలువ తెలుస్తుంది. ఇంధనం కాల్చని, హారను మోగించని ప్రయాణ సాధనాల్లో సైకిలును మించినది లేదన్నదీ నిజమే.

సైకిలు నెమ్మదిగా పోతుంది కనుక ఊరు కనిపిస్తుంది, మనిషి కనిపిస్తాడు, పలకరింపు సాధ్యమవుతుంది. ఆ పలకరింపు యాత్ర నాటి ఉదయం కాక, మార్గం గీయడానికి ముందే, గ్రామసభ చెట్టు నీడలో మొదలుకావాలి. అప్పుడు ఆ ఊరు తమకు తారు రోడ్డే ముందు కావాలని చెప్పవచ్చు, తమ పిల్లలకూ సైకిళ్లు కావాలని అడగవచ్చు, ఈ ఏడాదికి వద్దని కూడా అనవచ్చు. ఈ మూడు జవాబుల్లో దేనినైనా మన్నించగలిగిన నిర్వాహకులకే ఆ కంకర దారిపై చక్రం మోపే అర్హత ఉంటుంది.